అమెరికాలో పాత కార్ల పునర్జన్మ

శిథిలమైన దేవాలయాన్ని బాగుచేయించడాన్ని మనవారు జీర్ణోద్ధరణ అన్నారు. ఆ పని తలపెట్టినప్పుడల్లా రెండు అభిప్రాయాలు వినవస్తవి. రాయి కదపకుండా ఉన్నదున్నట్లు నిలపాలనేవారు ఒకరు; నిత్యపూజ సాగాలంటే కొంత మార్పు తప్పదనేవారు మరొకరు. అమెరికాలో ఈ తగవు మోటారు కార్ల మీద వచ్చినది. 1937లో లాస్ ఏంజెలెస్‌లో ‘హార్స్‌లెస్ క్యారేజ్ క్లబ్’ అనే సంఘం వెలసినది. తొలినాళ్ళ కార్లను అసలు రూపంలో కాపాడడం దాని వ్రతం. సరిగా ఆ ఏడే, ఆ ప్రాంతంలోనే, పాత కార్ల మడ్‌గార్డులు ఊడదీసి ఎడారిలో పరుగెత్తించే యువకుల క్లబ్బులు కొన్ని కలిసి ‘సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్’గా ఏర్పడినవి. మొదటివారిని లోకం చరిత్ర రక్షకులన్నది. రెండవవారికి ఆ గౌరవం దక్కలేదు. కాని పాత కారును నేటి రోడ్డు మీద నడిపించే విద్యకు మూలపురుషులు వీరే.

ఈ కథకు పునాది కారు చౌకగా దొరకడం. హెన్రీ ఫోర్డు కర్మాగారం నుంచి 1908-1927 మధ్య ‘మోడల్ టీ’ కార్లు కోటీ యాభై లక్షలు వెలువడినవి. దాని ఇంజనుకు ఇరవై అశ్వశక్తి మాత్రమే. 1932లో ఫోర్డు చేసిన పని అంతకంటె సాహసోపేతమైనది. ఎనిమిది సిలిండర్లను ‘వి’ అక్షరం ఆకారంలో అమర్చిన ఇంజనులు అంతవరకు ఎక్కువగా ధనికుల కార్లకే పరిమితం. ఫోర్డు ఆ సిలిండర్ల దిమ్మనంతా ఒకే ముద్దగా పోతపోయించి, 65 అశ్వశక్తిగల యంత్రాన్ని సామాన్యుని కారులో పెట్టినాడు. టాపు మడిచే రోడ్‌స్టర్ రకం వెల 460 డాలర్లు. కొన్నేళ్ళకు అవి చేతులు మారి, కూలి డబ్బులు కూడబెట్టుకొన్న కుర్రవాడికి కూడ అందుబాటులోకి వచ్చినవి.

ఆ ఇంజనుకు దోషాలు లేకపోలేదు. కాలిన వాయువులు బయటకు పోయే దారులు సిలిండర్ల దిమ్మ గుండానే వెళ్ళడంచేత నీరు త్వరగా మరిగేది. ఒక్క కార్బురేటరుతో దానికి ఊపిరి చాలేది కాదు. ఈ లోపాలను సరిదిద్దడమే ఒక పరిశ్రమ అయినది. విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్కు 1938లో ఒక 1932 రోడ్‌స్టరు కొని, రెండు కార్బురేటర్లు కూర్చే అల్యూమినియం గొట్టపు అమరికను తయారుచేసినాడు. వారమంతా ఆ కారులోనే పనికి పోవడం, సెలవునాడు దానినే మొహావీ ఎడారిలోని మ్యూరాక్ ఎండు చెరువుకు తోలుకుపోయి వేగం కొలిపించుకోవడం! ప్రయోగశాల, వాహనం, వినోదం మూడూ ఒకటే. ఇంజనీరింగు కళాశాలలు ఇంత చవకగా చదువు చెప్పగలవా అన్నది నా సందేహం.

తరువాత యుద్ధం వచ్చినది. మ్యూరాక్ సైన్యం పరమైనది. నేటి ఎడ్వర్డ్స్ విమాన స్థావరం అక్కడిదే. 1942 ఫిబ్రవరిలో ప్రజలకు కార్లు తయారుచేయడం ఆగిపోయినది. పాత కార్లెన్నో తుక్కు సేకరణలలో కరిగిపోయినవి. సైన్యంలో యంత్రవిద్య నేర్చి తిరిగివచ్చిన యువకులు మిగిలినవాటిని వెదికి పట్టుకొన్నారు. బిల్ బర్క్ అనే అతడు 1946లో యుద్ధవిమానం కింద వేలాడదీసే పెట్రోలు తొట్టిని కొని, దానికి చక్రాలు తగిలించి పందెపు కారు చేసినాడు. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక పుట్టినది. హాట్‌రాడ్ అంటే శక్తిని పెంచిన పాత కారు అని అర్థం. జనం నోట మాత్రం అది దుడుకుతనానికి పర్యాయపదం. వీథి పందెములలో ప్రమాదాలు జరుగుతూ ఉండడమే కారణం. కుర్రవాళ్ళను వీథి నుంచి పందెపు బాటకు మళ్ళించాలని వాలీ పార్క్స్ 1951లో ‘నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్’ను స్థాపించినాడు.

1955లో షెవ్రొలే కంపెనీ 265 ఘనపు అంగుళాల తేలికపాటి వి-8 ఇంజనును తెచ్చినది. అది త్వరలోనే పాత ఫోర్డుల కడుపులలో చేరినది. బద్ధశత్రువు ఇంజను తన కారులో కూర్చోవడం చూస్తే ఫోర్డుగారి ఆత్మ ఏమనుకొన్నదో! 1964లో పాంటియాక్ జీటీవో వచ్చిన తరువాత దుకాణంలోనే వేగం దొరకసాగినది. పాత కారుకు వేగం నూరిపోసే శ్రమ ఎందుకన్నారు. అప్పుడు ఈ విద్య దారి మార్చుకొన్నది. 1970లో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో జరిగిన ‘స్ట్రీట్ రాడ్ నేషనల్స్’ సభకు జనం పందేనికి రాలేదు; పెళ్ళాం పిల్లలను ఎక్కించుకొని, దూరాల నుంచి నడుపుకొంటూ వచ్చినారు. 1948 వరకు వచ్చిన నమూనాలనే స్ట్రీట్‌రాడ్‌లుగా లెక్కించడం అప్పటినుంచి ఆచారమైనది. మరుసటి ఏటి ఫోర్డుతో విడి మడ్‌గార్డుల అందం అంతరించినది.

కుటుంబంతో ప్రయాణం చేయాలంటే బ్రేకు పట్టాలి. 1932 ఫోర్డులో కాలిమీట నుంచి చక్రానికి ఇనుప కడ్డీలే ఆధారం; నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులను ఫోర్డు 1939 నమూనాలో కాని పెట్టలేదు. అందుచేత రాడ్ కట్టేవాడు మొదట మార్చేది వాటినే. తరువాతి కాలంలో డిస్కు బ్రేకులు వచ్చినవి. ఆరు వోల్టుల విద్యుత్తు పన్నెండు అయినది. అడ్డంగా ఒక్క కమాను పట్టీల కట్ట మీద నిలిచే ముందు ఇరుసును తీసివేసి, రెండు చక్రాలు వేరువేరుగా కదిలే అమరికను పెట్టినారు. 1974 నమూనా ‘మస్టాంగ్ టూ’ కారులోని అమరిక ఇందుకు ఎంతో ప్రసిద్ధి. పైకి తాతగారి కారు, లోపల మనుమడి కారు.

చరిత్రను పాడుచేస్తున్నారని పాతరూప ప్రియులు వీరిని నిందించినారు. 1940లలో ఈ నింద నిలువదు. ఆనాడు ఆ కారు ఎవరూ దాచుకొనే వస్తువు కాదు. కుర్రవాడి షెడ్డుకు చేరకపోతే కొలిమికి చేరేది. ఇప్పుడు మాట వేరు. 1932 నాటి రూపానికి కొత్త ఉక్కు శరీరాలు, ఫైబర్‌గ్లాస్ శరీరాలు అమ్మకానికి ఉన్నవి. ఎవరూ చేయి పెట్టని అసలు కారును నేడు కోయడానికి నాకు సమర్థన కనిపించదు.

1950లో, ఒకే ఏట, ఓక్లండ్‌లో రోడ్‌స్టర్ల ప్రదర్శన, పెబుల్ బీచ్‌లో కులీన కార్ల పోటీ మొదలైనవి. రెండూ కాలిఫోర్నియాలోనివే, అయినా హాట్‌రాడ్‌లకు పెబుల్ బీచ్ పచ్చికమీద ప్రత్యేక వరుస దొరకడానికి 1997 వరకు పట్టినది. ఆ ఏడు ప్రథమ బహుమతి డోన్ స్పెన్సర్ కట్టిన 1932 రోడ్‌స్టరుకు వచ్చినది. దానిని జీర్ణోద్ధరణ చేసినవారు కర్మాగారపు రూపానికి పోలేదు; రెండు పలకలుగా వెనక్కు వాలిన ముందద్దంతో సహా, స్పెన్సర్ తన చేతులతో మలచిన రూపాన్నే నిలబెట్టినారు.