నదీతీర నగరం న్యూ ఆర్లియన్స్: చారిత్రక కట్టడాలు, సైనిక స్థలాలు, చెరకు తోటలు

టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో, దాని పరిసర పట్టణాలలో నివసించే తెలుగు కుటుంబాలు సులభంగా చూడగలిగిన చారిత్రక నగరాలలో న్యూ ఆర్లియన్స్ ముఖ్యమైనది. ఇది లూసియానా రాష్ట్రంలో మిసిసిపి నది ఒడ్డున ఉన్నది. ఇక్కడ పాత కోటలు, యుద్ధభూమి, సైనికుల సమాధులు, పురాతన భవనాలు భద్రపరచబడి ఉన్నాయి. చెరకు తోటలలో పనిచేసిన వారి సంతతి అయిన మనకు ఈ నగరం మరొక విధంగా కూడా ముఖ్యమైనది. మన పూర్వులను సముద్రాలు దాటించిన పంచదార చరిత్రలో ఒక భాగం ఇక్కడి నేలలో ఉన్నది.

ప్రయాణ మార్గం

ఫ్రిస్కో నుండి న్యూ ఆర్లియన్స్ సుమారు 530 మైళ్ళ దూరం. కారులో వెళ్ళేవారు 20వ నంబరు జాతీయ రహదారిపై తూర్పుగా ష్రీవ్‌పోర్ట్ వరకు, అక్కడి నుండి 49వ నంబరు రహదారిపై దక్షిణంగా లఫాయెట్ వరకు, ఆ తరువాత 10వ నంబరు రహదారిపై తూర్పుగా వెళ్ళాలి. విరామాలతో కలిపి దాదాపు ఒక పగలు పడుతుంది. పెద్దలు, పసిపిల్లలు వెంట ఉంటే మధ్యలో ఒక రాత్రి ఆగడం మంచిది.

నగరం, నది, ఏటిగట్టు

ఈ నగరాన్ని 1718లో ఫ్రెంచి అధికారి బియెన్విల్ స్థాపించాడు. నది ఇక్కడ నెలవంక వలె వంగి ప్రవహిస్తుంది. 1760లలో నగరం ఫ్రాన్సు చేతి నుండి స్పెయిన్ చేతికి వచ్చింది. 1788లోను, 1794లోను జరిగిన అగ్నిప్రమాదాలలో పాత ఇండ్లు చాలావరకు కాలిపోయాయి. అందువలన నేడు ఫ్రెంచి క్వార్టర్ అని పిలిచే పాత పేటలో ఫ్రెంచి కట్టడాలకంటె స్పెయిన్ కాలపు పద్ధతిలో కట్టినవే ఎక్కువ.

నది వరద నుండి నగరాన్ని కాపాడేవి ఎత్తైన మట్టికట్టలు. గోదావరి జిల్లాలలో వీటినే ఏటిగట్లు అంటారు. గట్టు మీద నిలబడి ఒక ప్రక్క నదిని, మరొక ప్రక్క వీధులను చూస్తే, నీటిమట్టం కంటె ఊరు పల్లంలో ఉన్నదని అర్థమవుతుంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు నగరంలోని కాలువల గట్లు తెగి, ఊరిలో అధికభాగం మునిగిపోయింది. గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న మన కొరంగి రేవు కూడా 1839లో వచ్చిన తుపాను ఉప్పెనకు నాశనమైనది. నది ఒడి చేర్చుకున్న ఊరికి నదీ సముద్రాల భయం తప్పదు.

జాక్సన్ చౌకు, కబిల్డో భవనం

దర్శనం ఇక్కడ ప్రారంభించడం సులభం. ఇప్పుడు పూలతోట వలె కనబడే ఈ చౌకు మొదట సైనికుల కవాతు మైదానం. 1851లో దీనికి సేనాని ఆండ్రూ జాక్సన్ పేరు పెట్టారు. గుర్రం మీద ఉన్న అతని విగ్రహాన్ని 1856లో ప్రతిష్ఠించారు. చౌకుకు ఎదురుగా సెయింట్ లూయిస్ కతీడ్రల్ ఉన్నది.

కతీడ్రల్ ప్రక్కనే కబిల్డో భవనం. స్పెయిన్ ప్రభుత్వ నగరసభ కొరకు దీనిని 1795 నుండి 1799 వరకు నిర్మించారు. 1803 డిసెంబరు 20న లూసియానా ప్రాంతాన్ని ఫ్రాన్సు అమెరికాకు అప్పగించిన కార్యక్రమం ఈ భవనంలోనే జరిగింది. నేడు ఇది మ్యూజియం. ఇక్కడికి కొద్ది దూరంలో ఉర్సులిన్ కన్యకామఠం ఉన్నది. దీని నిర్మాణం 1745లో ఆరంభమైనది. రెండు అగ్నిప్రమాదాలను తట్టుకొని నిలిచిన కట్టడం ఇది.

పాత పేట అంచున కాంగో చౌకు అనే మైదానం ఉన్నది. బానిసలుగా ఉన్న ఆఫ్రికా ప్రజలు ఆదివారాలలో ఇక్కడ కూడి, తమ డప్పులు వాయించి, తమ నాట్యాలు ఆడేవారు. వారంలో ఆరు దినాలు చాకిరీ చేసి, ఏడవనాడు తమ తాళాన్ని తాము మరచిపోకుండా కాపాడుకున్నారు. తోటల బారకులలో రాత్రివేళ రామభజనలు చేసిన మన తాతలను తలచుకొనేవారికి ఈ చోటు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

చాల్మెట్ యుద్ధభూమి

నగర కేంద్రం నుండి నది దిగువకు సుమారు 6 మైళ్ళ దూరంలో చాల్మెట్ యుద్ధభూమి ఉన్నది. దీనిని జాతీయ ఉద్యానవనాల శాఖ సంరక్షిస్తున్నది. ప్రవేశ రుసుము లేదు.

1815 జనవరి 8న ఇక్కడ బ్రిటిష్ సేనకు, అమెరికా సేనకు యుద్ధం జరిగింది. బ్రిటిష్ సేనాని ఎడ్వర్డ్ పాకెన్‌హమ్. అమెరికా సేనకు నాయకుడు జాక్సన్. నదికి, చిత్తడి అడవికి మధ్యనున్న ఇరుకు మైదానంలో, ఒక కాలువ వెంబడి జాక్సన్ మట్టిగోడ కట్టించాడు. బ్రిటిష్ సైనికులు తెరపి నేల మీద నడిచి వచ్చి, ఆ గోడ వెనుక నుండి వచ్చిన తుపాకి, ఫిరంగి దెబ్బలకు కూలిపోయారు. ముఖ్యమైన పోరు రెండు గంటల లోపే ముగిసింది. బ్రిటిష్ వారిలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిసి సుమారు 2,000 మంది. పాకెన్‌హమ్ కూడా మరణించాడు. ఇరుదేశాల రాయబారులు 1814 డిసెంబరు 24ననే బెల్జియంలోని గెంట్ నగరంలో సంధిపత్రం మీద సంతకాలు చేశారు. ఆ వార్త ఓడలో సముద్రం దాటి వచ్చేలోపల ఈ ప్రాణాలు పోయాయి.

జాక్సన్ సేనలో స్వతంత్రులైన నల్లజాతివారి దళాలు, చోక్టా తెగవారు, జాన్ లఫీట్ అనుచరులు కూడా ఉన్నారు. మట్టిగోడ త్రవ్విన చేతులు చాలావరకు చుట్టుప్రక్కల తోటల బానిసలవి. ఇప్పుడు అక్కడ 100 అడుగుల ఎత్తైన రాతి స్తంభం ఉన్నది. దాని పని 1855లో మొదలై 1908లో పూర్తయినది.

సైనిక సమాధులు, కనబడని గ్రామం

యుద్ధభూమిని ఆనుకొని 1864లో స్థాపించబడిన జాతీయ సైనిక శ్మశానం ఉన్నది. ఇక్కడ సుమారు 15,000 సమాధులు ఉన్నాయి. వాటిలో అధికభాగం అమెరికా అంతర్యుద్ధ కాలానివి. నల్లజాతి దళాల సైనికులు కూడా ఇక్కడ విశ్రమిస్తున్నారు. వేలకొలది రాళ్ళ మీద పేరు లేదు, సంఖ్య మాత్రమే ఉన్నది. వలస ఓడల పుస్తకాలలో మన పూర్వులకు కూడా ఒక్కొక్క సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్య ఎరిగినవారు ఈ వరుసల మధ్య ఒకసారి నడవాలి.

యుద్ధభూమికి, శ్మశానానికి మధ్య పచ్చిక మైదానం ఉన్నది. ఒకప్పుడు అది ఖాళీ నేల కాదు. బానిసత్వం ముగిసిన తరువాత నల్లజాతి కుటుంబాలు అక్కడ స్థలాలు కొని ఫజెండ్విల్ అనే గ్రామాన్ని ఏర్పరచుకున్నాయి. ఇండ్లు, బడి, చర్చి ఉన్న ఒంటివీధి ఊరు అది. యుద్ధం జరిగి 150 సంవత్సరాలైన సందర్భానికి ఉద్యానవనాన్ని విస్తరించదలచి, 1964లో ప్రభుత్వం ఆ స్థలాలను స్వాధీనం చేసుకొని ఊరిని తొలగించింది. పలు కుటుంబాలు దగ్గరలోని లోయర్ నైన్త్ వార్డు అనే పేటకు వెళ్ళాయి. వారి చర్చి కూడా బ్యాటిల్ గ్రౌండ్ అనే తన పాత పేరుతోనే అక్కడికి వెళ్ళింది. 2005 వరదలో ఆ పేట ఘోరంగా దెబ్బతిన్నది.

రెండు గంటల పోరు జ్ఞాపకం కొరకు సుమారు 90 సంవత్సరాల ఊరు లేకుండా పోయింది. యుద్ధభూమిని కాపాడడం తప్పు అని ఎవరూ అనరు. కాని స్మారకం కట్టేటప్పుడు ఎవరి జ్ఞాపకం నిలుస్తున్నది, ఎవరిది చెరిగిపోతున్నది అని అడగడం ఎల్లప్పుడూ అవసరమే.

ఇతర సైనిక స్థలాలు

జాక్సన్ బారక్సు: నది ఒడ్డున 1834, 1835 సంవత్సరాలలో కట్టిన సైనిక నివాసాలు ఇవి. నేటికీ లూసియానా నేషనల్ గార్డు వాడుకలో ఉన్నాయి. లోపల మ్యూజియం ఉన్నది. ఇది సైనిక స్థావరం కనుక ముందుగా విచారించి, గుర్తింపు పత్రం తీసుకొని వెళ్ళాలి.

ఫోర్ట్ పైక్: 1815 యుద్ధం తరువాత తీరరక్షణ కొరకు కట్టిన ఇటుక కోట. నగరానికి తూర్పున, సరస్సును సముద్రంతో కలిపే జలమార్గం వద్ద ఉన్నది. నిధుల కొరత వలన లోపలి ప్రవేశాన్ని నిలిపివేశారు. వెలుపలి నుండి చూడవచ్చు.

ఫోర్ట్ జాక్సన్, ఫోర్ట్ సెయింట్ ఫిలిప్: నగరానికి చాలా దిగువన, నది ముఖద్వారం వైపు ఎదురెదురుగా ఉన్న కోటలు. 1862 ఏప్రిల్‌లో ఫారగట్ నాయకత్వంలోని ఉత్తరాది నౌకాదళం వీటి ఫిరంగులను దాటి వెళ్ళి న్యూ ఆర్లియన్స్‌ను స్వాధీనం చేసుకున్నది.

జాతీయ రెండవ ప్రపంచయుద్ధ మ్యూజియం: 2000 జూన్ 6న ప్రారంభమైనది. ఈ నగరంలోనే ఆండ్రూ హిగిన్స్ కర్మాగారాలు 20,000కు పైగా పడవలను తయారుచేశాయి. సైనికులను నేరుగా ఇసుక తీరం మీదకు దించిన పడవలు అవే. చూడడానికి ఒక పూట చాలదు.

చెరకు తోటలు

1795లో ఎటియెన్ ద బోరే అనే తోట యజమాని, ఇప్పటి ఆడుబన్ పార్కు ఉన్న చోట, చెరకు రసాన్ని కాచి పలుకు పంచదారను లాభసాటిగా తీయించాడు. ఆ తరువాత నది రెండు ఒడ్డుల వెంట చెరకు తోటలు వ్యాపించాయి. పనిచేసినవారు బానిసలు. 1811 జనవరి 8న, చాల్మెట్ యుద్ధానికి సరిగా నాలుగు సంవత్సరాలు ముందు, నగరానికి ఎగువన చార్లెస్ డెలాండ్ నాయకత్వంలో వందలమంది బానిసలు తిరుగబడి న్యూ ఆర్లియన్స్ వైపు నడిచారు. తిరుగుబాటును అణచివేసి, చంపినవారి తలలను ఏటిగట్టు పొడవునా కొయ్యల మీద నిలిపారు. ఒకే తేదీ. ఒకదానికి 100 అడుగుల స్తంభం ఉన్నది. రెండవదానిని పాఠ్యపుస్తకాలు చాలాకాలం పలుకలేదు.

ఆ రెండవ కథను చెప్పే చోటు విట్నీ తోట. నగరానికి కారులో సుమారు ఒక గంట దూరం. 2014 డిసెంబరులో ప్రజల దర్శనానికి తెరిచారు. మిగిలిన తోటలు తరచుగా యజమానుల మేడలను చూపిస్తాయి. ఇక్కడ బానిసల గుడిసెలు, వారి పేర్లు చెక్కిన రాతిగోడలు ముఖ్యం. లూసియానాలో బానిసలుగా జీవించిన 1,07,000 మంది పేర్లు ఒక స్మారకంలో ఉన్నాయి. 10వ నంబరు రహదారి నుండి దారి ఉన్నందున, ఫ్రిస్కో నుండి వచ్చేటప్పుడే దీనిని చూడవచ్చు.

మన చరిత్రతో సంబంధం

బ్రిటిష్ సామ్రాజ్యం 1833 చట్టంతో బానిసత్వాన్ని రద్దు చేసింది. తోటలకు పనివారు కావలసివచ్చారు. 1834 నుండి భారతీయులను ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు తీసుకొనిపోయారు. తెలుగువారిలో పలువురు కొరంగి రేవు నుండి వెళ్ళారు కనుక మారిషస్‌లో వారికి కొరంగీలు అనే పేరు వచ్చింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి కూడా కూలీలు వెళ్ళారు. బానిసత్వం, గిర్మిటు ఒకటే కావు. మనవారి ఒప్పందానికి గడువు ఉన్నది, కూలి ఉన్నది. కాని చెరకు చేను ఒకటే, పని గంట ఒకటే, చాలా చోట్ల నివసించిన పాకలు కూడా ఒకటే.

పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందినది. వలసదారుల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. విట్నీ గోడ మీది పేర్లు కూడా ఇటువంటి పాత కాగితాల నుండియే వెలికివచ్చినవి. కనుక మన ఇంటి పెద్దల పేరు, ఓడ పేరు, సంఖ్య, స్వగ్రామం తెలిసినంతవరకు వెదకి, తెలుగులో వ్రాసి, పిల్లల చేతికి ఇవ్వాలి. పెద్దలు ఉన్నప్పుడే అడగాలి.

సందర్శకులకు సూచనలు

వేసవిలో ఎండ, ఉక్క తీవ్రంగా ఉంటాయి. అక్టోబరు నుండి మార్చి వరకు అనుకూలం. చాల్మెట్‌లో నీడ తక్కువ కనుక ఉదయమే వెళ్ళాలి. నగరం నుండి స్టీమరులో కూడా చేరవచ్చు. మూడు దినాలు ఉంటే మొదటి దినం విట్నీ, రెండవ దినం పాత పేట, చాల్మెట్, మూడవ దినం యుద్ధ మ్యూజియం చూడవచ్చు. సమాధుల మధ్య బిగ్గరగా మాట్లాడరాదు, రాళ్ళ మీద కూర్చుండరాదు.

నేర్చుకొనదగిన మాటలు

ఏటిగట్టు: వరద ఊరిలోకి రాకుండా నది ఒడ్డున వేసిన ఎత్తైన మట్టికట్ట.
రేవు: ఓడలు, పడవలు ఆగే చోటు.
కవాతు: సైనికులు వరుసగా నడిచే అభ్యాసం.
ఫిరంగి: గుండ్లు ప్రేల్చే పెద్ద ఆయుధం.
సంధి: యుద్ధం మాని చేసుకొనే ఒడంబడిక.
ఉప్పెన: తుపానులో సముద్రం పొంగి నేల మీదకు రావడం.
గిర్మిటు: తోటపనికి వ్రాయించుకొన్న ఒప్పందం.
స్మారకం: జ్ఞాపకార్థం నిలిపిన కట్టడం.
సంతతి: పిల్లలు, వారి పిల్లలు; తరువాతి తరాలవారు.