పంజరంలోని కుందేలు నుంచి నీలి గది వరకు

“భయపడకు, ఏమీ కాదు” అని పిల్లలకు చెప్పని పెద్దలు ఉండరు. వైద్యునిగా నేనూ ఆ మాట ఎన్నోసార్లు అన్నాను. అయితే ఫోబియా అనే తీవ్రభయం ఆ మాటకు లొంగదు. ఆటిజం గల పిల్లల్లో ఇటువంటి భయాలు తక్కిన పిల్లల్లో కంటే అధికం. పావురం ఎదురవుతుందేమోనని వీధిలోకి రాని పిల్లవాడికి, రద్దీ బస్సు ఎక్కలేని అమ్మాయికి బడి, ఆట, స్నేహం దూరమవుతాయి. క్రమంగా ఇంటిల్లిపాదీ ఇంటికే పరిమితమవుతారు. ఈ భయాలకు చికిత్స వెదకిన చరిత్ర నూరేళ్ల నాటిది.

1924లో అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, పీటర్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన ఒక పసివాడి కథను ప్రచురించారు. వాడికి కుందేలంటే హడలు. వాడు ఇష్టమైన తిండి తింటున్న వేళ, పంజరంలోని కుందేలును దూరంగా ఉంచి మెల్లమెల్లగా దగ్గరకు తెచ్చారు. చివరకు వాడు ఆ కుందేలునే నిమిరాడు. భయాన్ని మెట్లుగా విడగొట్టడమే ఇందులోని కీలకం.

దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958 నాటి తన గ్రంథంలో ఈ సూత్రాన్ని శాస్త్రీయ పద్ధతిగా తీర్చిదిద్దారు. రోగి శరీరాన్ని సడలించుకొని, భయపెట్టే దృశ్యాలను తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి వరుసగా ఊహించుకోవాలి. అయితే ఈ పద్ధతి ఊహాశక్తి మీద ఆధారపడింది. ఆటిజం గలవారిలో పలువురికి అలా కోరినప్పుడు ఒక దృశ్యాన్ని మనసులో నిలుపుకోవడం కష్టం.

ఆ లోటును తీర్చే సాధనం కంప్యూటర్ రూపంలో వచ్చింది. 1995లో బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ బృందం ఎత్తు భయానికి వర్చువల్ రియాలిటీ చికిత్స ఫలితాలను వెల్లడించింది. కృత్రిమ వంతెనలు, బాల్కనీలు, అద్దాల లిఫ్టు అందులోని మెట్లు. మరుసటి ఏడాది డొరతీ స్ట్రిక్‌లాండ్ బృందం, ఆటిజం గల ఇద్దరు పిల్లలు తలకు తొడిగే పరికరాన్ని అంగీకరించి, కృత్రిమ వీధిలో కార్లను గుర్తించగలిగారని తెలిపింది.

తలపై బరువును సహించలేని పిల్లలూ ఉంటారు. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడిన ‘బ్లూ రూమ్’లో కళ్లద్దాలతో పని లేదు, గది గోడలే దృశ్యాలవుతాయి. పక్కన చికిత్సకుడు ఉంటాడు. ఒక్కో విడత 20 నుంచి 30 నిమిషాలు, మొత్తం నాలుగు విడతలు. పిల్లవాడు స్థిమితపడ్డాకే తర్వాతి మెట్టు. ఆపై తల్లిదండ్రులు అదే క్రమాన్ని నిజజీవితంలో కొనసాగిస్తారు. 2014లో ప్రచురితమైన తొలి అధ్యయనంలో తొమ్మిది మంది అబ్బాయిల్లో ఎనిమిది మంది తమ భయాన్ని ఎదుర్కోగలిగారు.

2019 నాటి పరీక్ష మరింత కఠినమైనది. 32 మంది పిల్లల్లో సగం మందికి ముందుగా చికిత్స అందించారు. ఆ 16 మందిలో ఆరు నెలల తర్వాత ఆరుగురిలో మెరుగుదల కనిపించింది. చికిత్స కోసం వేచి ఉన్న జట్టులో ఒక్కరిలోనూ కనిపించలేదు. పైగా వారిలో ఐదుగురి భయం ముదిరింది. కాబట్టి ఇది అందరికీ పనిచేసే దివ్యౌషధం కాదు. అలాగని “పెద్దయితే అదే పోతుంది” అనే భరోసా కూడా నిలబడదు.

పరికరాలు మారినా సూత్రం మారలేదు. పిల్లవాణ్ణి బలవంతంగా భయం ముందుకు నెట్టరాదు, దాని నుంచి శాశ్వతంగా దాచనూ రాదు. కుందేలును దగ్గరకు జరిపిన ఆ ఓర్పే నేటికీ అసలు ఔషధం.