ప్రత్యేక దళాల సహాయక నిపుణుల వృత్తి ప్రణాళిక: సంగారెడ్డి – పటాన్‌చెరు ప్రాంతం

సైన్యంలోని ప్రత్యేక దళాల వెంట ఉండి, వాటి వాహనాలు, రేడియోలు, ఆయుధాలు, పారాచూట్లు, గాయపడిన జవాన్ల బాధ్యత చూసుకునే సాంకేతిక, వైద్య, రవాణా సిబ్బందిని సహాయక నిపుణులు అంటారు. కమాండోలతో పోలిస్తే వీరి ఉద్యోగ జీవితంలో ఒక చిక్కు ఎక్కువ. పని చేసేది ప్రత్యేక దళంలో, పదోన్నతి లెక్క మాత్రం మాతృ కోర్‌లో, అంటే సైన్యంలో తాము మొదట చేరిన విభాగంలో, ఉంటుంది. సేవ ముగిశాక బతుకుతెరువు ఈ రెండింటికీ బయట, పరిశ్రమలోనో ప్రభుత్వ కొలువులోనో వెతుక్కోవాలి. ఈ మూడు దశలనూ ముందే ఆలోచించి, ఏ ఏడు ఏ కోర్సు, ఏ పరీక్ష, ఏ ధ్రువపత్రం అన్నది నిర్ణయించుకోవడమే వృత్తి ప్రణాళిక. సికింద్రాబాద్‌లోని సైనిక శిక్షణ కేంద్రాలు ఒకవైపు, ఎద్దుమైలారం, భానూరు రక్షణ కర్మాగారాలు మరోవైపు ఉండటంతో పటాన్‌చెరు ప్రాంతంలో ఈ మూడు దశలూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి.

నేపథ్యం

భారత సైన్యంలో 1966లో ఏర్పడిన 9 పారా, 1967లో ఏర్పడిన 10 పారా తొలి కమాండో పటాలాలు. తర్వాత 1984లో జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ), 1987లో నౌకాదళ మార్కోస్, 2004లో వైమానిక దళ గరుడ్ వచ్చాయి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల ప్రత్యేక దళాలను ఒక తాటిపైకి తెచ్చే డివిజన్ 2019లో ఏర్పడింది. తెలుగు నేల మీద పోలీసు ప్రత్యేక దళాల చరిత్ర వేరు. గ్రేహౌండ్స్‌ను 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నెలకొల్పారు. ఆక్టోపస్ 2007లో వచ్చింది. 2008 ముంబై దాడుల తర్వాత, 2009లో ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌కు వచ్చింది.

సహాయక నిపుణుల పాత్రకు కొరియా యుద్ధం మంచి ఉదాహరణ. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ 1950లో అక్కడికి వెళ్లింది. 1951 మార్చిలో మున్సాన్ వద్ద అమెరికన్ పారా దళంతో పాటు ఈ యూనిట్ నుంచి ఒక చిన్న శస్త్రచికిత్స బృందం కూడా విమానాల్లోంచి దూకింది. రంగరాజ్‌కు మహావీర్ చక్ర లభించింది. ఇదే యూనిట్ 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంప బాధితులకు క్షేత్ర ఆస్పత్రి నడిపింది. కత్తి పట్టే డాక్టరూ, కట్టు కట్టే సహాయకుడూ విమానంలోంచి దూకగలిగి ఉండాలన్నదే ఈ ఉద్యోగాల స్వభావం.

ఇతర దేశాల అనుభవమూ అంతే. ప్రత్యేక కార్యకలాపాల్లో అధికభాగానికి ప్రత్యేక దళాల బయటివారి సాయం అవసరమని అమెరికా సైన్యం తన సూత్రాల్లోనే రాసుకుంది. బ్రిటన్ 2005లో ప్రత్యేక దళాల కోసం సిగ్నల్ రెజిమెంట్‌ను, 2006లో సహాయక బృందాన్ని విడిగా ఏర్పాటు చేసింది.

ఎవరు, ఏ పని

వాహనాలు, తుపాకులు, రాత్రిచూపు పరికరాల మరమ్మతు ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) కోర్ బాధ్యత. రేడియో, ఉపగ్రహ సంధానం సిగ్నల్స్ వారిది. వైద్యం ఆర్మీ మెడికల్ కోర్‌ది. రేషన్, ఇంధనం, రవాణా ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) చూస్తుంది. మందుగుండు, సామగ్రి నిల్వలు ఆర్డ్‌నెన్స్ కోర్ పరిధిలోవి. అట్టడుగు స్థాయి జవానును ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, ఇంజనీర్స్‌లో సాపర్ అని పిలుస్తారు.

ఈ పనుల్లో ఉండే బాధ్యతను పారాచూట్ ప్యాకర్ పని విడమర్చి చూపుతుంది. పొడవాటి బల్ల మీద గుడ్డను పరిచి, తాళ్లలో మెలికలు లేకుండా సరిచూసి, మడత మీద మడత వేసి సంచిలో పెడతాడు. ప్రతి పారాచూట్‌కూ రికార్డు ఉంటుంది, అందులో తాను సంతకం చేస్తాడు. ఆ సంతకాన్ని నమ్మి వేరొకడు ఆకాశంలోంచి దూకుతాడు. ఇంతటి బాధ్యత మోసిన వ్యక్తి డిశ్చార్జి అయ్యాక ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే, ఆ నైపుణ్యానికి సరిపోయే పౌర ట్రేడు పేరు అతని కాగితాల్లో దొరక్కపోవచ్చు. ప్రణాళిక లేకపోతే వచ్చే అసలు నష్టం ఇదే.

ప్రవేశం, పదోన్నతి

ప్రత్యేక దళాలకు వెళ్లడం స్వచ్ఛందం. పారాచూట్ జంప్ అర్హత కోసం ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో ఐదు జంప్‌లు చేయాలి, అందులో ఒకటి రాత్రివేళ. దళం పెట్టే ప్రొబేషన్‌ను తట్టుకోవాలి. వైద్య శ్రేణి షేప్-1గా, అంటే పూర్తి ఆరోగ్య స్థాయిలో, ఉండాలి. మోకాలు, నడుము గాయాలు ఈ ఉద్యోగంలో మామూలే. శ్రేణి తగ్గితే పదోన్నతికీ, సేవ పొడిగింపుకూ అడ్డంకి వస్తుంది. కాబట్టి ప్రతి గాయాన్నీ అప్పటికప్పుడే వైద్య రికార్డుల్లో నమోదు చేయించుకోవాలి. తర్వాత వైకల్య పెన్షన్ అవసరమైతే ఆధారం అదే.

పదోన్నతి నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ వరుసలో నడుస్తుంది. సీనియారిటీ, ట్రేడ్ పరీక్షలు, ప్రమోషన్ క్యాడర్లు, చదువు, వార్షిక నివేదికలు, అన్నీ మాతృ కోర్ లెక్కలే. దళంలో ఎంత మంచి పేరున్నా, కోర్ నిర్ణయించిన కోర్సు తప్పితే వరుసలో వెనకబడతారు. ఆపరేషన్ల హడావుడిలో కోర్సుకు పంపడం వాయిదా పడటం ఇక్కడ తరచూ వచ్చే ఇబ్బంది. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ కోర్‌ల రికార్డు కార్యాలయాలు రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఈ ప్రాంత జవాన్లకు ఇది పెద్ద వెసులుబాటు. సెలవుకు వచ్చినప్పుడు తమ పత్రాలు సరిగా ఉన్నాయో లేదో కనుక్కోవచ్చు.

అధికారి కావాలనుకునే వారికి ఆర్మీ క్యాడెట్ కాలేజీ దారి ఉంది. వయసు దాటిన సీనియర్లకు ప్రత్యేక కమిషన్ పద్ధతులూ ఉన్నాయి. ప్రత్యేక దళంలో వచ్చే అదనపు భత్యం అక్కడ ఉన్నంతకాలమే. పెన్షన్ లెక్కలో అది కలవదు. జవాన్లకు సేవా పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు కావాలి. ఆ భత్యాన్ని చూసి ఇంటి అప్పు వాయిదాలు పెట్టుకున్నవారు మాతృ యూనిట్‌కు తిరిగి వెళ్లగానే ఇరకాటంలో పడతారు.

గ్రేహౌండ్స్, ఎన్‌ఎస్‌జీల్లో ఎక్కువమంది డిప్యుటేషన్ మీద వచ్చి, గడువు తీరాక సొంత శాఖకు తిరిగి వెళ్లిపోతారు. తిరిగి వెళ్లే రోజును దృష్టిలో ఉంచుకునే వారు ప్రణాళిక వేసుకోవాలి.

చదువు, అగ్నిపథ్

సికింద్రాబాద్‌లోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ ఈఎంఈ సాంకేతిక శిక్షణకు కేంద్రం. సైన్యంలో నేర్చిన ట్రేడును పౌర విద్యతో ముడిపెట్టే పద్ధతుల్లో ఇగ్నో డిగ్రీ ముఖ్యమైంది. అగ్నివీరుల (అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకు చేరే జవాన్ల) కోసం రూపొందించిన ఆ కోర్సులో సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే వస్తాయి. పది పాసై 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేసిన మాజీ సైనికులను కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువులకు డిగ్రీతో సమానంగా పరిగణిస్తారు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం ఈ లెక్కలను మార్చింది. నాలుగేళ్లకే నలుగురిలో ముగ్గురు ఇంటికి వస్తారు. వారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి అందుతుంది, పెన్షన్ ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో మాజీ అగ్నివీరులకు కోటా ఉంది. సాంకేతిక అగ్నివీరుడికి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో ఇంటర్ గానీ, ఐటీఐ, డిప్లొమా వంటి సాంకేతిక అర్హత గానీ ఉండాలి. ప్రత్యేక దళ అనుభవం నాలుగేళ్లలో సంపాదించుకోవడం కష్టం కాబట్టి, వీరికి ట్రేడ్ ధ్రువపత్రమే అసలు ఆస్తి.

పటాన్‌చెరు ప్రాంతంలో అవకాశాలు

ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం (స్థానికంగా ఓడీఎఫ్) 1984లో మొదలైంది. బీఎంపీ-2 సాయుధ వాహనం, దేశీయంగా 'శరత్', ఇక్కడే తయారవుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉంది. పటాన్‌చెరు సమీపంలోని భానూరులో భారత్ డైనమిక్స్ యూనిట్ ట్యాంకు విధ్వంసక క్షిపణులు తయారు చేస్తుంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో మాజీ సైనికులకు గ్రూప్-సిలో 14.5 శాతం, గ్రూప్-డిలో 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. నేరుగా శాశ్వత కొలువులు తక్కువే. కాంట్రాక్టు కొలువులే ఎక్కువ.

సైనిక ట్రేడును పరిశ్రమ భాషలోకి మార్చుకోవడం ఇక్కడ కీలకం. బీఎంపీ ఇంజన్లు విప్పి బిగించిన ఈఎంఈ మెకానిక్ తన దరఖాస్తులో ఏ రెజిమెంట్, ఎన్నేళ్లు అన్నది మాత్రమే రాస్తే సరిపోదు. ఆరు సిలిండర్ల, 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ ఓవర్‌హాల్ చేశానని రాస్తే మెయింటెనెన్స్ ఇన్‌చార్జికి అర్థమవుతుంది. రాత్రిచూపు పరికరాలు బాగుచేసినవాడు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చెప్పుకోవాలి. అయితే మాట ఒక్కటే చాలదు. ఎలక్ట్రీషియన్‌కు వైర్‌మన్ పర్మిట్, బాయిలర్ నడిపేవారికి అటెండెంట్ ధ్రువపత్రం, సేఫ్టీ ఆఫీసర్‌కు పారిశ్రామిక భద్రత డిప్లొమా చట్టం అడుగుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఈ ప్రాంతపు ఫ్యాక్టరీలకు భద్రత తెలిసిన మనుషుల అవసరం ఎంతుందో అది చూపింది. మందుగుండు నిల్వలు చూసుకున్న ఆర్డ్‌నెన్స్ జవాన్లకు ఈ రంగం దగ్గరది. గార్డు ఉద్యోగం సులభంగా దొరుకుతుంది. కానీ సాంకేతిక నిపుణుడు దానితోనే ఆగిపోతే ఏళ్ల శిక్షణ వృథా.

ఏడాదుల వారీగా

సర్వీసు తొలి దశలో ట్రేడ్ పరీక్షలు, డిగ్రీ నమోదు ముగించుకోవాలి. నడిమి దశలో కోర్ కోర్సులు తప్పకుండా చూసుకోవాలి. చివరి రెండేళ్లలో పునరావాస డైరెక్టరేట్ జనరల్ నడిపే కోర్సులకు దరఖాస్తు చేసుకోవాలి. డిశ్చార్జి కాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడిపోయి సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది కాబట్టి, ఆధార్, డిశ్చార్జి బుక్, పెన్షన్ పత్రాల్లో జిల్లా పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవడం మంచిది.

తొలి అగ్నివీరుల శిక్షణ 2022 చివర్లో మొదలైంది. వారి నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. నాలుగో ఏట కాగితాలు వెతుక్కునేవారి కంటే మొదటి ఏటే ట్రేడ్ ధ్రువపత్రం సంపాదించినవారే పటాన్‌చెరు గేట్ల దగ్గర ముందుంటారు.