మంచు కింద దాగిన వేడి

ధ్రువ సముద్రాల చరిత్ర రాసినవాళ్ళలో ఎక్కువమంది సాహసికుల చరిత్రే రాశారు. ఎవరు ముందు చేరారు, ఎవరు చలికి కొయ్యబారి పోయారు, ఎవరు జెండా పాతారు అన్నదే వాళ్ళకు చరిత్ర. ఆ మంచుకీ ఒక చరిత్ర ఉంది. అది చాలావరకు మంచు కింది నీళ్ళలో నడిచింది. నాకు కావలసింది యీ రెండో చరిత్ర.

1881లో జానెట్ అనే అమెరికన్ ఓడ సైబీరియాకి ఉత్తరాన మంచు ఒత్తిడికి నలిగి మునిగిపోయింది. మూడేళ్ళకు దాని శకలాలు ఎక్కడో గ్రీన్‌లాండ్ తీరాన తేలాయి. అంటే మంచు నిలిచి లేదు, ప్రయాణిస్తోంది. యీ ఆధారంతో నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ అనే ఓడను కావాలనే మంచులో ఇరికించాడు. దాదాపు మూడేళ్ళు ఓడ మంచుతో పాటే కొట్టుకుపోయింది. ధ్రువం మాత్రం అందలేదు. అందుకే దాన్ని సగం విజయంగా లెక్కవేసేవారున్నారు. నేను ఒప్పుకోను. తాళ్ళు కట్టి లోతుకు దించిన థర్మామీటర్లు అంతకన్నా పెద్ద సంగతి పట్టుకొచ్చాయి. పైన గడ్డకట్టబోయే నీరు. సుమారు 200 మీటర్లు దాటితే సున్నా డిగ్రీల కన్నా వెచ్చని నీరు! అది అట్లాంటిక్ నుంచి వచ్చిన నీరు.

వేడి నీరు పైకి తేలాలి గదా? మన వంటింటి అనుభవం అదే. అక్కడ పెత్తనం వేడిది కాదు, ఉప్పుది. అట్లాంటిక్ నీరు ఉప్పన, అంచేత బరువు. ఓబ్, యెనిసెయ్, లేనా నదులు తెచ్చిపోసే మంచినీటితో పలచబడ్డ చల్లని పొర దాని మీద మూతలా పరచుకుంది. కింది వేడి అంతా పైకి వస్తే ఆర్కిటిక్ మంచు మొత్తాన్నీ కరిగించగలదు. మంచు బతికింది ఆ మూత దయవల్ల.

1937లో నలుగురు సోవియట్ పరిశోధకులు ధ్రువం దగ్గర మంచుగడ్డ మీద దిగి, తొమ్మిది నెలలు దాంతో కొట్టుకుపోతూ, అక్కడా లోతున అట్లాంటిక్ నీరే ఉందని కొలిచి చెప్పారు. తర్వాత ప్రచ్ఛన్నయుద్ధం వచ్చింది. 1958లో అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ ధ్రువం కిందుగా వెళ్ళింది. అటుపైన మంచు మందాన్ని కొలిచింది జలాంతర్గాములే. ఆ లెక్కలు నౌకాదళం బీరువాల్లో పడ్డాయి. ప్రకృతిని గురించిన జ్ఞానం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న మనకు కొత్త కాదు గానీ, ఇంత నగ్నంగా అరుదుగా కనిపిస్తుంది. 1990లలో కొన్ని లెక్కలు బయటపడ్డాక, 1999లో పోల్చి చూస్తే, వేసవి చివర నీటిలో మునిగి ఉండే మంచు మందం సగటున 3.1 మీటర్ల నుంచి 1.8 మీటర్లకు పడిపోయిందని తేలింది.

గాలి పైనుంచి వేడెక్కుతోంది, నిజమే. కాని భూగోళం మీద పోగుపడుతున్న అదనపు వేడిలో నూటికి తొంభై పాళ్ళు సముద్రాలే మింగుతున్నాయి. ఆర్కిటిక్‌లోకి వచ్చే అట్లాంటిక్ నీరు మునుపటి కన్నా వెచ్చన. బారెంట్స్ సముద్రంలో చలికాలపు మంచు బాగా వెనక్కి తగ్గింది. ఇంకా తూర్పున, సైబీరియా వైపు లోతు సముద్రంలో ఆ మూతే బలహీనపడి, చలికాలంలో కింది వేడి మంచును తాకుతోందని 2017లో ప్రకటించారు. దీనికి అట్లాంటిఫికేషన్ అని పేరుపెట్టారు. మంచు తొలగిన చోట నల్లని నీరు ఎండను తాగుతుంది, గాలి అలలను లేపి నీటిని కలియబెడుతుంది, మూత ఇంకా చిరుగుతుంది. 1979 సెప్టెంబరులో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లున్న మంచు, 2012 సెప్టెంబరులో 34 లక్షలకు దిగింది. 2013లో రష్యావాళ్ళు తమ మంచుగడ్డ కేంద్రాన్ని, కాళ్ళ కింద గడ్డ పగిలిపోతుంటే, గడువుకు ముందే ఖాళీ చేశారు.

మన సాహిత్యంలో మంచు కరగటం ఎప్పుడూ శుభసూచకమే. ఎరెన్‌బర్గ్ 1954లో ఆ పేరుతో నవల రాస్తే ఒక రాజకీయ దశకే ఆ పేరు స్థిరపడింది. గడ్డకట్టిందంటే నిర్జీవం, కరిగిందంటే విముక్తి. యీ ప్రతీక చలిదేశాల్లో పుట్టి మన కవిత్వంలోకి వచ్చింది. అక్కడే సముద్రపు మంచు మీద బతికే ఇన్యూట్ ప్రజలకు మాత్రం గడ్డకట్టిన సముద్రమే దారి, అదే వేట నేల. మంచు పలచబడితే మనిషి స్లెడ్జితో సహా మునిగిపోతాడు. ఓడల కంపెనీలకూ చమురు కంపెనీలకూ ఆ మునిగిన దారే కొత్త రహదారి.

2005 డిసెంబరులో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే, అమెరికా వదిలే వాయువులు తమ హక్కుల్ని కాలరాస్తున్నాయని అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్‌కు అర్జీ పెట్టింది. కమిషన్ 2006లో దాన్ని విచారణకు స్వీకరించలేదు. 2007 మార్చిలో పిలిచి, వాళ్ళు చెప్పింది మాత్రం విన్నది.