చందా కోసం పిలిచిన సభ – మిలాన్, 1979

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు కాకతీయుల గురించో ఉప్పు సత్యాగ్రహం గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అవి మనలో నాకంటె బాగా రాయగలవారు ఉన్నారు. నేను దూరదేశంలో జరిగిన ఒక సభ గురించి రాస్తున్నాను. పింఛను, వైద్య ఖర్చుల బిల్లు, చందా జాబితా – ఈ మూడింటి సంగతీ తెలిసిన మన సభ్యులకు ఇది పరాయి విషయంగా తోచదని నా నమ్మకం.

1979 జూన్ 14 సాయంత్రం ఇటలీలోని మిలాన్ నగరంలో, అరేనా చివికా అనే పాత క్రీడామైదానంలో సుమారు 60 వేల మంది చేరారు. అది 1807లో, నెపోలియన్ ఏలుబడిలో కట్టిన మైదానం. జబ్బుపడిన ఒక గాయకుడి చికిత్సకు డబ్బు పోగుచేయడానికి తోటి కళాకారులు ఏర్పాటు చేసిన సంగీత సభ అది. అయితే ఆ గాయకుడు ముందురోజే, జూన్ 13న, న్యూయార్కు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన వయసు 34 ఏళ్లు. పేరు దెమెత్రియో స్త్రాతోస్.

ఆయన పాడిన సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములతో వాయించే రాక్ సంగీతానికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పోకడలు కలిపి, ఒక్కొక్క పాటను పది, పదిహేను నిమిషాల పాటు నడిపించే పద్ధతి అది. పుట్టింది ఇంగ్లండులోనే అయినా, 1970 తర్వాత ఇటలీ యువకులు దాన్ని ఎంతగా నెత్తిన పెట్టుకున్నారంటే, వాన్ డెర్ గ్రాఫ్ జెనరేటర్ అనే ఇంగ్లీషు బృందం రికార్డు ఒకటి సొంతదేశంలో పెద్దగా అమ్ముడుపోకపోయినా 1972లో ఇటలీలో మొదటి స్థానానికి చేరింది. నాకు ఈ సంగీతం పూర్తిగా ఎక్కదని ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో చిన్నవాళ్లు వింటుంటే చెవిన పడినదే. స్త్రాతోస్ గొంతు మాత్రం వేరు. అది వినిపిస్తే చేతిలో పేపరు పక్కన పెట్టాల్సిందే.

ఆయన ఇటలీవాడు కూడా కాదు. 1945 ఏప్రిల్ 22న ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు తల్లిదండ్రులకు పుట్టారు. అసలు పేరు ఎఫ్‌స్త్రాతియోస్ దిమిత్రియు. చిన్నప్పుడే పియానో, అకార్డియన్ నేర్చారు. తర్వాత సైప్రస్‌లో చదివి, 1962లో మిలాన్ వచ్చి ఆర్కిటెక్చర్ కోర్సులో చేరారు. విద్యార్థుల బృందంలో పియానో వాయించే మనిషి, అసలు గాయకుడికి చిన్న కారు ప్రమాదం జరగడంతో ఆ చోటులో పాడవలసి వచ్చింది. అలా మొదలైంది. 1967లో ఇ రిబెల్లి అనే బృందంతో పాడిన ఒక ప్రేమ పాట దేశమంతా మోగిపోయింది. ఆ దారిలోనే సాగితే హాయిగా బతికేవారు. దాన్ని వదిలేసి 1972లో డ్రమ్ములు వాయించే జూలియో కాపియోజ్జోతో కలిసి 'అరెయా' అనే బృందం పెట్టారు. గ్రీకు, అరబ్బు, బాల్కన్ వరుసలు, జాజ్, వామపక్ష రాజకీయం అన్నీ అందులో కలిసిపోయాయి. 1973 నుంచి 1978 వరకు వాళ్లు తెచ్చిన రికార్డుల్లో చివరిదాని పేరుకు అర్థం – దేవుళ్లు వెళ్లిపోతున్నారు, కోపిష్ఠులు మిగులుతున్నారు!

గొంతు గురించి ఒక్కమాట చెప్పాలి. ఆయన ఇంట్లో పసిపాప మాటలు నేర్చుకుంటోంది. పసిబిడ్డ మొదట ఎన్నో రకాల ధ్వనులు చేస్తుందని, భాష వచ్చేకొద్దీ అందులో చాలావాటిని మరిచిపోతుందని ఆయన గమనించారు. మనిషి అలా పోగొట్టుకున్నదాన్ని తిరిగి పట్టుకోవాలని సాధన మొదలుపెట్టారు. ఒకే గొంతుతో ఒకే సమయంలో రెండు స్వరాలు పలికించేవారు. పిల్లనగ్రోవిలాగా ఊదినట్టు పాడేవారు. ఇదంతా యంత్రాల మాయ కాదని తేల్చడానికి పాదువా నగరంలోని ధ్వనిశాస్త్ర పరిశోధకులు పరికరాలు పెట్టి ఆయన గొంతును కొలిచారు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచనలను కూడా ఆయన పాడారు. 1976లో, 1978లో ఒంటి గొంతుతో చేసిన రెండు రికార్డులు వచ్చాయి. అవి పాటలని అనలేం. మా ఇంట్లో ఒకటి పెట్టినప్పుడు పక్కింటివారు ఏమైందోనని తలుపు కొట్టారు.

ఇక జబ్బు సంగతి. 1979 వసంతంలో ఆయనకు ఎప్లాస్టిక్ ఎనీమియా అని తేలింది. ఎముకల్లోని మూలుగ రక్తకణాలను తయారుచేయడం మానేసే జబ్బు అది. మిలాన్ ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి న్యూయార్కు తీసుకువెళ్లారు. మూలుగ మార్పిడి ఒక్కటే ఆశ. ఆ రోజుల్లో ఆ చికిత్స ఇంకా కొత్తది. ప్రాణానికి హామీ లేదు. ఖర్చు మాత్రం అపారం.

ఇటలీ పార్లమెంటు అంతకు ఆరు నెలల ముందే, 1978 డిసెంబరు 23న, 833 నంబరు చట్టం ద్వారా పౌరులందరికీ జాతీయ ఆరోగ్య సేవ ఏర్పాటు చేసింది. గొప్ప చట్టం. కాని అమెరికా ఆసుపత్రి బిల్లు ముందు ఒక గాయకుడి కుటుంబం ఒంటరిగానే నిలబడింది. ప్రభుత్వోద్యోగికి కనీసం బిల్లు పెట్టుకోవడానికి ఒక ఆఫీసు ఉంటుంది, ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపడానికైనా ఒక మనిషి ఉంటాడు. పాటగాడికి అదీ లేదు. పేరు ఎంత పెద్దదైనా నెల జీతం లేదు, పింఛను లేదు. అందుకే స్నేహితులు ఆ సంగీత సభ తలపెట్టి జూన్ 14 తేదీ నిర్ణయించారు.

ఇక్కడ ఆనాటి పరిస్థితి కొంచెం చెప్పకపోతే ఈ సభ విలువ తెలియదు. అప్పటి ఇటలీ బాంబులతో, తుపాకులతో అట్టుడికిపోతోంది. మాజీ ప్రధాని ఆల్దో మోరోను ఎర్రదళాల వారు చంపి కారులో వదిలేసింది 1978 మే 9న. సంగీత సభల్లోనూ గొడవలే. పాట ప్రజలది, టికెట్టు ఎందుకు కొనాలి అని యువకులు గేట్లు తోసుకుని వచ్చేవారు. పోలీసులు బాష్పవాయువు వదిలేవారు. 1976లో గాయకుడు ఫ్రాంచెస్కో దె గ్రెగోరిని మిలాన్ సభలోనే నిలదీసి, నువ్వు సంపాదించినదంతా పేదలకు ఎందుకు పంచవని విచారణ చేసినంత పని చేశారు. అదే సంవత్సరం మిలాన్‌లోని లాంబ్రో పార్కులో జరిగిన యువజన ఉత్సవం లూటీలతో, కొట్లాటలతో ముగిసింది. ఆ ఉత్సవంలో అరెయా బృందం కూడా పాడింది. ఆ తర్వాత విదేశీ కళాకారులు ఇటలీ రావడమే దాదాపు మానేశారు.

పాటకు డబ్బు ఇవ్వబోమని కేకలు వేసిన ఆ తరమే, పాడేవాడి ప్రాణం కోసం డబ్బు కావాలని పిలిస్తే 60 వేల మందిగా వచ్చింది. నా దృష్టిలో ఆ సభలో చరిత్రకు ఎక్కవలసిన సంగతి ఇదే. ఎవరెవరు పాడారన్నది దాని తర్వాతి మాట.

అయితే చావు కబురు ముందే వచ్చింది. సభ మానుకోవచ్చు. మానుకోలేదు. చందా సభ సంతాప సభ అయింది. ఫ్రాంచెస్కో గుచ్చీని, అంతొనెల్లో వెందిత్తి, రొబెర్తో వెక్కియోని, ఎయుజేనియో ఫినార్ది, ఆంజెలో బ్రాందువార్ది వంటి పేరున్నవాళ్లూ, అప్పుడే తలెత్తుతున్న కుర్ర బృందాలూ ఒకే వేదిక ఎక్కారు. మామూలు రోజుల్లో వీరిలో ఒకరి పాట మరొకరికి గిట్టదు. కళాకారులందరూ కలిపి వందమందికి పైమాటే. అరెయా వాద్యకారులు కూడా తమ గాయకుడు లేకుండానే వాయించారు.

మా సెక్షన్‌లో ఒకసారి జరిగింది గుర్తుకొస్తోంది. కిడ్నీ జబ్బుతో ఉన్న ఒక సహోద్యోగికి చందా జాబితా తిప్పుతున్నాం. జాబితా మూడో సెక్షన్ దాటేలోపు కబురు వచ్చింది. మా సూపరింటెండెంటు గారు జాబితా పైన 'చికిత్స నిమిత్తం' అన్న మాట కొట్టేసి, 'కుటుంబ సహాయార్థం' అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టి, మళ్లీ తిప్పమన్నారు. అప్పటికే ఇచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ ఇచ్చారు. ఇవ్వనన్నవాళ్లూ ఇచ్చారు. మిలాన్‌లో జరిగింది దీనికి కొన్ని వేల రెట్లు పెద్దది. కాని ఆ సాయంత్రం మైదానంలోకి నడిచి వచ్చిన వాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో నేను దీన్నిబట్టే ఊహించుకున్నాను. చేయి చాపి సాయం చేద్దామని బయలుదేరిన మనిషికి దారిలో ఇక సాయం అక్కర్లేదని తెలిస్తే, వెనక్కి తిరిగి ఇంటికి పోలేడు.

ఆ సభను రికార్డు చేసి విడుదల చేశారు. స్త్రాతోస్ సమాధి పార్మా జిల్లాలోని స్కిపియోనె అనే చిన్న ఊళ్లో ఉంది. అరెయా బృందం 1980లో ఇంకొక రికార్డు తెచ్చింది కాని, అది ప్రధానంగా వాద్య సంగీతమే. ఆ గొంతు స్థానంలో మరొకరిని నిలబెట్టాలంటే ఎవరికైనా కష్టమే కదా. అదే 1980లో ప్రెమియాతా ఫొర్నెరియా మార్కొని బృందం 'గొంతుకు గురువు' అనే అర్థం వచ్చే పేరుతో ఆయనకు అంకితంగా ఒక పాట చేసింది. ఈ బృందం పేరుకు అర్థం 'బహుమతి పొందిన మార్కొని రొట్టెల దుకాణం'. ఇటాలియన్లు బృందాలకు పెట్టుకునే పేర్లు ఇలాగే ఉంటాయి.

పేర్ల మాట వచ్చింది కనుక, మనవారికి నచ్చే పేరు ఒకటి ఉంది. జూన్ 14న మిలాన్ వేదిక మీద పాడిన బృందాల్లో 'బాంకో దెల్ ముతువో సొక్కోర్సో' ఒకటి. అంటే 'పరస్పర సహాయ బ్యాంకు'. 19వ శతాబ్దంలో ఇటలీ కార్మికులు నెలనెలా చందా వేసుకుని, జబ్బు చేసినవాడికీ, ముసలివాడికీ, చనిపోయినవాడి కుటుంబానికీ సాయం చేసే సంఘాలు పెట్టుకున్నారు. వాటికి చట్టబద్ధత ఇచ్చింది 1886 ఏప్రిల్ 15 నాటి 3818 నంబరు చట్టం. మన ఫ్యామిలీ బెనిఫిట్ ఫండ్‌కు తాతగారు అనుకోండి. ఆ బృందం మొదటి రికార్డు 1972లో వచ్చింది. దాని అట్ట పిల్లలు డబ్బులు దాచుకునే మట్టి హుండీ ఆకారంలో ఉంటుంది.

ఆ బృందపు గాయకుడు ఫ్రాంచెస్కో ది జాకొమో. 1947లో సార్డీనియా ద్వీపంలోని సినిస్కోలాలో పుట్టారు. భారీ విగ్రహం, గుబురు గడ్డం, నాటకశాలలో పాడే టెనర్ గొంతు. ఆ రూపం చూసి ఫెలినీ తన సినిమాల్లో చిన్న వేషాలు ఇచ్చారు. 1973 నాటి 'అమర్కార్డ్'లో కూడా ఉన్నారు. స్త్రాతోస్ గొంతు వినేవారిని ఉలిక్కిపడేలా చేస్తే, ఈయన గొంతు దగ్గరకు తీసుకుంటుంది. నాకైతే ఈయనే ఇష్టం.

2014 ఫిబ్రవరి 21న, రోము దగ్గర జగరోలో ఊళ్లో కారు ప్రమాదంలో ది జాకొమో చనిపోయారు. వయసు 66. ఈసారి జబ్బు లేదు, చందా లేదు, సిద్ధపడడానికి ఒక రోజైనా లేదు. 1972లో ఆ మట్టి హుండీ రికార్డు కొన్నప్పుడు ఇరవై ఏళ్ల వయసున్న కుర్రవాడు 2014 నాటికి అరవై రెండేళ్లవాడు. అంటే ఆయన కోసం ఏడ్చిన అభిమానుల్లో చాలామంది మనలాగే పింఛను పుస్తకం చేతికి వచ్చినవాళ్లు, లేదా ఆ అంచున ఉన్నవాళ్లు. వాళ్లందరూ ఇటలీలోనే లేరు. జపాన్‌లో ఈ సంగీతానికి గట్టి అభిమానులు ఉన్నారు. బాంకో టోక్యో సభలో పాడినది 1997లో రికార్డుగా కూడా వచ్చింది. ఇంతమంది, ఇన్ని చోట్ల. వీళ్లందరినీ ఒకచోట చేర్చడానికి ఏ అరేనా సరిపోతుంది? ఎవరి ఇంట్లో వాళ్లు పాత రికార్డు తీసి దుమ్ము తుడిచి పెట్టుకోవడమే మిగిలింది. యవ్వనంలో విన్న గొంతు ఆగిపోతే బంధువు పోయినట్టే ఉంటుంది. ఇంటివాళ్లకు మాత్రం ఆ మనిషి ఎవరో తెలియదు, ఓదార్చడానికి ఎవరూ రారు. ఇది ఒక విచిత్రమైన మైల, పాటించడానికి పదకొండు రోజులూ ఉండవు.

బాంకో బృందంలో గిటారు వాయించే రొదొల్ఫో మాల్తెసె కూడా 2015లో పోయారు. వ్యవస్థాపకుడు విత్తోరియో నొచెంజి బృందాన్ని నిలబెట్టి, తోనీ దలెస్సియో అనే కొత్త గాయకుడితో 2019లో 'ట్రాన్సిబెరియానా' రికార్డు తెచ్చారు. అదే సంవత్సరం ది జాకొమో బతికుండగా పాడి, బయటికి రాకుండా ఉండిపోయిన పాటలు కూడా ఒక రికార్డుగా వచ్చాయి. దానికి పెట్టిన పేరు 'లా పార్తె మంకాంతె'. తెలుగులో చెప్పాలంటే, లేని భాగం.