ప్రళయం తరువాత చింతచెట్టు

ప్రళయానంతర జీవనాన్ని చూపే సెల్‌ఫోను ఆటల్లో కథ ఇంచుమించు ఒక్కటే. 2017లో వచ్చిన ‘లాస్ట్ డే ఆన్ ఎర్త్’ చూడండి. లోకం నశించింది, మిగిలినవాడు కట్టెలేరి, జింకను వేటాడి, గోడ కట్టుకొని బతకాలి. ఎదురుపడిన మనిషిని నమ్మరాదు.

వనస్థలిపురం వారికి ఇవేవీ దూరపు సంగతులు కావు. నిజాముల వేటస్థలం 1975లో హరిణ వనస్థలిగా మారి కృష్ణజింకలకు ఆశ్రయమైంది. ఇక ప్రళయమంటారా, ఈ ప్రాంతానికి ఉత్తరాన పారే మూసీయే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తింది. మృతులు సుమారు 15,000 మందని అంచనా.

ఆనాడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఉన్నది ఆ చెట్టే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు తన మహలు తలుపులు తెరిపించాడు. 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను నగరానికి ఎగువనే ఆపాలని సూచించారు. ఆ ఆలోచన ఫలించి ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి.

ఆటలో గోడ ఒక్కడి కోసం. ఇక్కడ కట్టినది ఊరందరి కోసం, పుట్టబోయే వారి కోసం కూడా. ప్రళయం తరువాత మనుషులు నిజంగా చేసినది ఇదీ.

అయితే 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. మూసీ మీది ఆనకట్టలు మూసీ వరదనే ఆపగలవు. చెరువులూ, వాటి కాలువలూ మనం పూడ్చుకుంటే, ఆ నీరు మన ఇళ్ళలోకి రాక ఎక్కడికి పోతుంది?