లెక్కల మాస్టారి సీమ యాస

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయి నా చెవిలో గుసగుసగా అడిగింది. "నాన్నా, తాతయ్య ఏంటి, అచ్చం జయప్రకాష్ రెడ్డి లాగా మాట్లాడతాడు?" అని. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. "తాతయ్య పుట్టినప్పట్నుంచీ అలాగే మాట్లాడుతున్నాడమ్మా, జయప్రకాష్ రెడ్డే తాతయ్య లాంటి వాళ్ళని చూసి నేర్చుకున్నాడు" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పేశా. చెప్పాక నాకే అనుమానం మొదలైంది. నిజంగా ఆయన ఎక్కడ నేర్చుకున్నాడబ్బా?

మాది నంద్యాల వైపు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి బస్సులో వెళ్తే మధ్యలో శిరివెళ్ల వస్తుంది. ఆయన సొంతూరు అదే. చిన్నప్పుడు ఆ ఊరు దాటేటప్పుడు బస్సులో ఎవరో ఒకరు ఆ మాట చెప్పకుండా ఉండేవారు కాదు. దాంతో ఆయన అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, రచ్చకట్ట మీద కూర్చుని మీసం తిప్పుతూ ఆ యాస పట్టుకుని నేరుగా షూటింగుకి వెళ్ళిపోయాడని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

అసలు సంగతి వేరు. వాళ్ళ నాన్నగారు పోలీసు శాఖలో ఎస్సై. పోలీసు ఉద్యోగం అంటే బదిలీలే కదా. పిల్లవాడి చదువు చాలావరకు నెల్లూరులో జరిగింది, తర్వాత అనంతపురం, ఆపైన గుంటూరు. బతుకంతా గుంటూరులోనే, వృత్తి లెక్కల మాస్టారు. అంటే మన తెరకి సీమ గొంతు ఇదీ అని చూపించిన మనిషి నెల్లూరు వీధుల్లో ఆడుకుని, గుంటూరు పిల్లలకి లెక్కలు చెప్పి బతికిన మనిషన్నమాట. ఇంట్లో అమ్మానాన్నల మాట ఒకటుంటుంది, వీధిలో మాట ఇంకోటుంటుంది. రెండిటి మధ్య తేడా తెలిసిన పిల్లవాడికి చెవి పదునెక్కుతుందని నా అనుమానం. ఊళ్ళోనే ఉండిపోయినవాడికి తనది యాస అనే తెలీదు. మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఆయన దృష్టిలో యాస అంటే గుంటూరు వాళ్ళది!

ఇక ఆయన కెరీర్ సంగతి. బెంచ్ మీద కూర్చున్న రోజుల్లో నాకు భలే ధైర్యం ఇచ్చిన కథ ఇది. నాటకాల పిచ్చి మొదట్నుంచీ ఉంది. నల్లగొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు గారు, రామానాయుడు గారికి పరిచయం చేశారు. అలా 1988లో బ్రహ్మపుత్రుడు. ఆ తర్వాత కొన్నేళ్ళు చిన్నా చితకా వేషాలు. ఇల్లు గడవని పరిస్థితి వచ్చి తొంభైల మొదట్లో మళ్ళీ గుంటూరు, మళ్ళీ చాక్‌పీసు. ఇక అంతే అనుకునే వయసు. అప్పుడు 1997లో ప్రేమించుకుందాం రా వచ్చింది. హీరోయిన్ తండ్రి వీరభద్రయ్య వేషం. అప్పటికి ఆయన యాభై దాటాడు. మనం నలభై దాటగానే ఆటోమేషన్ వస్తుంది, ఏఐ వస్తుంది, పింక్ స్లిప్పు వస్తుంది అని వణికిపోతుంటాం కదా. ఈయన ఒకసారి ఫీల్డు వదిలేసి వచ్చి, యాభై దాటాక కొత్తగా మొదలెట్టాడు. 1999లో సమరసింహారెడ్డిలో వీరరాఘవరెడ్డి, 2000లో జయం మనదేరాకి ఉత్తమ విలన్‌గా నంది, 2001లో నరసింహనాయుడు. ఆ నాలుగేళ్ళలో ఆ గొంతు తెలియని తెలుగువాడు లేడు.

సరిగ్గా ఆ తర్వాతే నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చా. చూడండి నా ఖర్మ.

ఎక్కడ జాయినైనా మొదటి ప్రశ్న ఒకటే. "ఏ ఊరు?" నంద్యాల అనగానే ఓ నవ్వు, ఆ తర్వాత "బ్యాగులో బాంబులున్నాయా బాసూ?" మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. అద్దె ఇంటికి వెళ్తే ఓనరు గారు "కర్నూలు జిల్లానా..." అని సాగదీసేవారు. 2002లో ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి ఒకే ఏడాది వచ్చాయి. గాల్లోకి లేచే సుమోలు చూసి మా రూమ్మేట్లు మా ఇంట్లో ఎన్ని సుమోలు ఉన్నాయని అడిగేవారు. మా ఇంట్లో ఒక లూనా ఉండేది, అది కూడా తోస్తే గానీ స్టార్ట్ అయ్యేది కాదు.

దీనికి తోడు భాష. మా వైపు, అంటే ఆళ్లగడ్డ నుంచి కడప దాకా, 'వస్తా' అనం, 'వచ్చా' అంటాం. 'ఇస్తా' అంటే 'ఇచ్చా'. జరిగిపోయిన దానికి 'ఇచ్చినా', 'వచ్చినా' అంటాం. చేరిన కొత్తలో మా లీడ్ "ఆ మాడ్యూల్ సంగతేంటి?" అని అడిగితే నేను మామూలుగా "ఇచ్చా" అన్నా. ఆయన గోదావరి జిల్లా మనిషి. ఇచ్చేశాననుకుని క్లయింటుతో కాల్‌లో డెలివరీ అయిపోయిందని చెప్పేశాడు! ఆ సాయంత్రం నా పరిస్థితి ఊహించుకోండి. ఆ రోజు నుంచి ఆఫీసులో గుంటూరు తెలుగు నేర్చుకున్నా. నెమ్మదిగా ఇంట్లోనూ అదే అయిపోయింది. మా అమ్మాయికి ఆ ప్రశ్న రావడానికి కారణం జయప్రకాష్ రెడ్డి కాదు, నేనే.

ఆ రోజుల్లో మాత్రం ఆయన మీద నాకు పీకల దాకా కోపం ఉండేది. కోపంలో మరిచిపోయిన చరిత్ర ఒకటుంది. 1800లో నిజాం మా జిల్లాలని బ్రిటిషు వాళ్ళకి అప్పగించాడు. అప్పట్నుంచి మా పేరు దత్త మండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తు అని అర్థం. ఆ పేరు అవమానంగా ఉందని 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో పెద్దలు దాన్ని తీసేసి 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు గారు. అంటే ఆ మాట పుట్టింది మా నంద్యాలలోనే. శ్రీకృష్ణదేవరాయలు గుర్తుకు రావాలని పెట్టిన పేరు అది. డెబ్భై ఏళ్ళు తిరిగేసరికి ఆ పేరు వినగానే రాయలు పోయి వేటకొడవలి గుర్తుకొచ్చేలా చేసింది సినిమా.

ఫ్యాక్షన్ లేదని నేననను. ఉంది, ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, నాకు తెలిసిన ఇళ్ళలోనే మనుషులు పోయారు. కానీ అదే నేలమీద 1866 కరువులో వేలమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డి ఉన్నాడు, ఉయ్యాలవాడలో. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఉలి చప్పుళ్ళు వినిపిస్తుంటాయి, అక్కడ చెక్కిన దేవుళ్ళు ఎక్కడెక్కడి గుళ్ళకో వెళ్తారు. సినిమాలో సీమ అంటే ఎర్రదుమ్ము, రాళ్ళగుట్టలు. నంద్యాల చుట్టూ 1860ల్లో తవ్విన కేసీ కాలువ కింద వరి మళ్ళు, నల్లరేగడి, పత్తి. 1906 నుంచి అక్కడ వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. పచ్చగా ఉంటే కెమెరాకి పనికిరాదు కాబోలు.

అయితే కోపం తగ్గి, సినిమాలు మళ్ళీ చూస్తుంటే తెలిసిన విషయం ఒకటుంది. తప్పు ఆ గొంతుది కాదు, ఆ గొంతుని కూర్చోబెట్టిన కుర్చీది. మన సినిమాకి పాత అలవాటు ఒకటుంది. హీరో హీరోయిన్లది పుస్తకాల తెలుగు లేదా కృష్ణా-గుంటూరు తెలుగు. యాస అంటే విలన్‌కి, లేకపోతే జోకరుకి. ముత్యాలముగ్గులో (1975) రావు గోపాలరావు గారి గోదావరి యాస ఎవరికిచ్చారు? కాంట్రాక్టరుకి. ప్రతిఘటనలో (1985) కోట శ్రీనివాసరావు గారి తెలంగాణ యాస ఎవరికి? మంత్రి కాశయ్యకి. ఆ వరసలోనే మాది వచ్చింది. ప్రేమించుకుందాం రాలో తండ్రి సీమ యాస మాట్లాడతాడు, కడుపున పుట్టిన కూతురు మాత్రం శుభ్రంగా టీవీ తెలుగు మాట్లాడుతుంది. సమరసింహారెడ్డీ సీమవాడే, వీరరాఘవరెడ్డీ సీమవాడే, కానీ యాస బరువంతా ఒకడే మోశాడు. ఇద్దరి ఊరూ పక్కపక్కనే మరి!

ఆ మోయడంలో ఉంది ఆయన పనితనం. మామూలు నటుడైతే యాస అనగానే నాలుగు మాటలు వంకర తిప్పి, గొంతు పెంచి వదిలేస్తాడు. ఈయన గొంతు పెంచాల్సిన చోట తగ్గిస్తాడు. వాక్యం చివర సాగదీసి, అవతలివాడి మొహం ఒక్క క్షణం చూసి, అప్పుడు క్రియ వేస్తాడు. మా వైపు పెద్దమనుషులు పంచాయితీలో సరిగ్గా అంతే. అరిచేవాడికి ఎవరూ భయపడరు, నెమ్మదిగా "అట్నా..." అన్నవాడికి భయపడతారు. క్లాసులో అల్లరి చేసే కుర్రాడిని మాట్లాడకుండా చూసే లెక్కల మాస్టారి చూపు కూడా దాన్లో కలిసిందనిపిస్తుంది (నా ఊహే లెండి, మా లెక్కల సారు అలాగే చూసేవారు). విలన్ వేషాలు పలచబడ్డాక అదే గొంతు, అదే సాగదీత, అదే మీసం పట్టుకుని కామెడీ చేశాడు. ఢీ (2007), రెడీ (2008) లాంటివి చూడండి. ఎక్కడా యాస మార్చలేదు, క్షణం ఆగే చోటు మార్చాడు అంతే. భయపెట్టిన వాక్యంతోనే నవ్వించడం... ప్రయత్నించి చూడండి, తెలుస్తుంది.

ఇన్ని సినిమాలు చేస్తూ కూడా నాటకం వదల్లేదు. 'అలెగ్జాండర్' అని పూసల రాసిన నాటకం ఉంది. రిటైరైన మిలిటరీ మనిషి కథ. స్టేజీ మీద మొదట్నుంచి చివరిదాకా ఈయనొక్కడే. డెబ్భైకి దగ్గరవుతున్న వయసులో, సినిమాల్లో పేరు వచ్చాక, ఒంటరిగా అంత నాటకం బట్టీపట్టి ఆడాల్సిన అవసరం ఏముంది ఆయనకి? డబ్బుల కోసమైతే కాదు. నన్ను మెత్తబరిచింది నిజానికి ఇదే.

2018లో అరవింద సమేత వచ్చింది. పెంచల్ దాస్ సాయంతో హీరో కూడా సీమ యాసలో మాట్లాడాడు. థియేటర్లో నా పక్కన కూర్చున్న కడప కుర్రాళ్ళు ఈలలేస్తుంటే, ఈ పని ఇరవై ఏళ్ళ ముందే జరిగుంటే జయప్రకాష్ రెడ్డికి ఎలాంటి వేషాలు పడేవో అనిపించింది. సీమ రైతు, సీమ మాస్టారు, సీమ తాత... 2020 సంక్రాంతికి వచ్చిన సరిలేరు నీకెవ్వరులోనూ ఆయన ఉన్నాడు, అదీ కర్నూలు కథే.

ఆ ఏడాదే, 2020 సెప్టెంబరు 8న, గుంటూరులో గుండెపోటుతో పోయారు. కరోనా రోజులు. నేను ఇంట్లోంచి పనిచేస్తూ స్టాండప్ కాల్‌లో ఉన్నా. వార్త చూసి మా నాన్నకి ఫోన్ చేశా. "మన శిరివెళ్లాయన పాయ గదప్పా" అన్నాడు, చుట్టం పోయినట్టు. కాసేపాగి, "నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు. మా యాసలో అది 'ఎప్పుడొస్తావు' అని. ఆ పక్క కాల్‌లో ఎవరో నా పేరు పిలుస్తున్నారు. మ్యూట్‌లో ఉన్నానో లేదో కూడా చూసుకోలేదు.

"పండక్కి వచ్చా" అన్నా.